లక్డీకాపూల్‌లో దిగితే ఏం తినాలి?

హైదరాబాద్ తిండి అనగానే బయటి ఊరివాళ్ళు చార్మినార్ దారి పడతారు. ఊళ్ళో కుర్రకారు జూబ్లీహిల్స్‌కు పరుగు తీస్తారు. మధ్యలో ఉన్న లక్డీకాపూల్, నాంపల్లి, అబిడ్స్‌లకు తినడానికే పనిగట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ. ఇక్కడికి జనం వేరే పనుల మీద వస్తారు. నీలోఫర్ ఆసుపత్రిలో బిడ్డను చూపించడానికి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రిపోర్టు తీసుకోవడానికి, ఏజీ ఆఫీసులో పెన్షన్ కాగితం కదిలించడానికి, అసెంబ్లీ దగ్గర ఎమ్మెల్యేను పట్టుకోవడానికి, నాంపల్లిలో రైలెక్కడానికి. వచ్చిన పని ఒక పట్టాన తెమలదు. డాక్టరు రౌండ్స్‌లో ఉంటాడు, సారు మీటింగ్‌లో ఉంటాడు, రైలు మూడు గంటలు లేటు. ఈ పేట హోటళ్ళు నిలబడ్డది ఆ తెమలని గంటల మీదే. అందుకే ఇక్కడ బాగా తినాలంటే రేటింగులు చూసుకోవడం కన్నా, ఏ హోటల్ ఎవరి కోసం పుట్టిందో తెలుసుకోవడం మేలు.

2018 సెప్టెంబరులో అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య మెట్రో నడవడం మొదలయ్యాక ఈ దారి సులువైంది. లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్. వరసగా నాలుగే నాలుగు స్టేషన్లు. ఓపిక ఉంటే నడిచే పోవచ్చు, కాకపోతే ఫుట్‌పాత్‌ల మీద ఆశ పెట్టుకోకూడదు.

పొద్దున్నే దిగితే ముందు రెడ్‌హిల్స్ వైపు తిరగండి. అక్కడి నీలోఫర్ ఆసుపత్రికి ఆ పేరు ఏడో నిజాం రెండో కోడలి నుంచి వచ్చింది. ఆమె టర్కీ రాజవంశపు ఆడపడుచు. 1949లో ఆమె పరిచారిక రఫతున్నీసా కాన్పులో చనిపోయింది. తల్లులకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండాలని నీలోఫర్ పట్టుబట్టడంతో 1953 నాటికి ఇది తయారైంది. ఆసుపత్రి వచ్చాక దాని చుట్టూ చాయ్ వచ్చింది. 1978 నాటి నీలోఫర్ కేఫ్‌కు ఇవాళ హైటెక్ సిటీ వైపు కూడా అద్దాల మేడలున్నాయి. కానీ దాని పుట్టుక మాత్రం ఈ వార్డుల పక్కనే. యజమాని బాబూరావు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి ఇదే కేఫ్‌లో పనిలో చేరారు. బల్లలు తుడిచిన కేఫ్‌నే తర్వాత లీజుకు తీసుకుని, చివరికి కొనేశారు. ఆసుపత్రి ముందు కూర్చునే రోగుల బంధువులకు ఆయన ఏళ్ళ తరబడి ఉచితంగా తిండి పెడుతున్న సంగతి ఊరంతటికీ తెలుసు.

అక్కడ చాయ్ ఒక్కటే కాదు చూడాల్సింది, దాన్ని కలిపే తీరు కూడా. ఇరానీ చాయ్‌లో ఆకూ పాలూ కలిసి ఉడకవు. డికాషన్ ఒక గిన్నెలో, మూత గట్టిగా బిగించి, సన్న సెగ మీద గంటల తరబడి మగ్గుతుంది. చక్కెర అందులోనే పడుతుంది. పక్కన ఇంకో గిన్నెలో పాలు చిక్కబడే దాకా కాగుతూ ఉంటాయి. కప్పులో ముందు డికాషన్, పైన పాలు. రెండూ కలిసే క్షణంలో అంచున లేత ఎరుపు నురగ కడుతుంది. అది కట్టకపోతే డికాషన్ పాతబడిందనో, పాలు పలచబడ్డాయనో లెక్క. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనండి, దిట్టంగా కావాలంటే ‘ఖడక్’. తోడు ఉస్మానియా బిస్కెట్. కాస్త తీపి, కాస్త ఉప్పు, చాయ్‌లో ముంచితే రెండు లెక్కపెట్టేలోగా తీసెయ్యాలి. మూడోది లెక్కపెట్టారా, ఇక చెంచా అడగాల్సిందే. బన్ మస్కా కూడా బాగుంటుంది గానీ, మలై బన్ మాత్రం ఈ మధ్య దానికి వచ్చిన పేరుకు తగదని నా అభిప్రాయం. మీగడ మరీ ఎక్కువైపోయి బ్రెడ్డు చెమ్మగిల్లిపోతుంది.

ఇరానీ హోటల్లో చాయ్‌తోనే ఆగిపోతే సగం పొద్దు వృథా. నాంపల్లి వైపు పాత హోటళ్ళలో పొద్దున ఎనిమిదికల్లా ఖిచిడీ, ఖీమా, ఖట్టా పెడతారు. పసుపు కలిసిన మసూర్‌పప్పు ఖిచిడీ, పక్కన పొడిపొడిగా వేగిన ఖీమా, మీద పోసుకోవడానికి నువ్వులూ చింతపండూ నూరి చేసిన ఖట్టా. ఖట్టా చల్లగా ఉంటుంది, ఖిచిడీ పొగలు కక్కుతుంటుంది. నోట్లో ఆ రెండూ కొట్టుకుంటేనే రుచి. మనవాళ్ళు ఇడ్లీ దగ్గర ఆగిపోయి దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఇంకా గుండె ధైర్యం ఉన్నవాళ్ళకు నహారీ, పాయా ఉండనే ఉన్నాయి. అవి తిన్నాక మాత్రం ఆఫీసు పని జోలికి పోకూడదు.

లక్డీకాపూల్‌కు ఇంకో ముఖం ఉంది. అది తెలుగు కవిత్వానిది. ద్వారకా హోటల్ పేరెత్తితే 1970లు, 80ల్లో రాయడం మొదలుపెట్టిన కవులు ఇప్పటికీ నిటారుగా కూర్చుంటారు. అక్కడి బల్ల దగ్గర కె. శివారెడ్డి సాయంత్రాలు కూర్చునేవారు. ఆయన వివేకవర్ధిని కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి వచ్చేవారు. జిల్లాల నుంచి నోటుపుస్తకం చంకన పెట్టుకుని దిగిన కుర్రాడికి హైదరాబాద్‌లో మొదటి చిరునామా ఆ బల్లే. ఒక చాయ్ చెప్పి కవిత చదివితే, రెండో చాయ్ వచ్చేలోగా దాని బతుకేమిటో తేలిపోయేది. శివారెడ్డికి 1990లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, తర్వాత 2018 సంవత్సరానికి సరస్వతీ సమ్మాన్ వచ్చాయి. ఆ చాయ్ బిల్లులన్నీ ఎవరు కట్టారో మాత్రం సాహిత్య చరిత్రలో ఎక్కడా రాయలేదు. టోక్యోలోని షింజుకులో గోల్డెన్ గై అనే సందులున్నాయి. ఆరేడుగురు కూర్చుంటే నిండిపోయే బార్లు, ఒక్కో బారుకు ఒక్కో రచయితల గుంపు. ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు వెళ్ళి వాటికి ఫొటోలు తీసుకుంటారు. మన ద్వారకా బల్ల మీద కనీసం ఒక పలక కూడా లేదు.

ఉర్దూ రచయితల అడ్డా అబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్. మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న చోటు అది. కవులు, కమ్యూనిస్టులు, పాత్రికేయులు ఒకే కప్పు ముందు గంటలు గడిపేవారు. ఇప్పుడు ఆ హోటల్ లేదు. ఎందుకు లేదంటే జవాబు సులువే. అబిడ్స్‌లో గజం స్థలం ధర ఒక పక్క, ఒక చాయ్‌కు రెండు గంటలు కూర్చునే కవి ఇంకో పక్క. ఏ యజమానైనా ఎన్నాళ్ళు భరిస్తాడు? ఇప్పుడు చాలా ఇరానీ హోటళ్ళలో పాలరాతి బల్లలూ వంకర కాళ్ళ కుర్చీలూ పోయి, నిలబడి తాగే స్టీలు బల్లలు వచ్చాయి. చాయ్ రుచి మారలేదంటారు గానీ, నిలబడి తాగే చాయ్‌కీ కూర్చుని తాగే చాయ్‌కీ మధ్య ఉన్న తేడా నాలుక్కి అందేది కాదు.

ఇక మధ్యాహ్నం. సైఫాబాద్, లక్డీకాపూల్ ఆఫీసుల లంచ్ టైమంటే ఒకప్పుడు యుద్ధమే. జిల్లాల నుంచి వచ్చిన అర్జీదారులు, వాళ్ళ వెంట పైరవీకారులు, పైరవీకారుల ఖర్చుతో తినే గుమస్తాలు. ఇవాళ ఆ రద్దీ కొంత పలచబడింది. ఇక్కడున్న రంగారెడ్డి కలెక్టరేట్ 2022లో కొంగరకలాన్‌కు తరలిపోయింది. దాంతో పాటు ఎన్ని ప్లేట్ల భోజనం తరలిపోయిందో చుట్టుపక్కల మెస్‌ల వాళ్ళనడిగితే తెలుస్తుంది. ఉన్నవాటిలో నా ఓటు ‘రాయలసీమ రుచులు’ హోటల్‌కు. రాగిసంగటి, నాటుకోడి పులుసు ఇక్కడివాళ్ళకు అలవాటు చేసిన హోటళ్ళలో అదొకటి. సంగటి ముద్దను చెంచాతో తినేవాళ్ళు కనిపిస్తే జాలేస్తుంది. ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, అందులో పులుసు పోసుకుని, అంచు నుంచి తుంచుకుంటూ రావాలి. నమలకుండా మింగాలి. వేరుశనగ పచ్చడి అడిగి వేయించుకోండి.

చేతిలో డబ్బు లేని మధ్యాహ్నాలకు కూడా ఈ పేటలో దారి ఉంది. అయిదు రూపాయలకు భోజనం పెట్టే నగరపాలక సంస్థ పథకం 2014లో మొదలైంది నాంపల్లి సరాయి దగ్గరే. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, ఊరగాయ. అక్కడే నిలబడి తినడం, అంతే. వరుసలో ఆటో డ్రైవర్లుంటారు, రైలు దిగిన కూలీలుంటారు, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్న నిరుద్యోగులుంటారు. 2025లో వీటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, పొద్దుటి టిఫిన్ కూడా అయిదు రూపాయలకే ఇవ్వడం మొదలుపెట్టారు. పేర్లు మార్చడంలో ప్రభుత్వాలకున్న హుషారు తెలిసిందే. ఆ గరిటె మాత్రం ఆగలేదు, అది మెచ్చుకోవాలి. ఆదివారం ప్రత్యేక కథనాల్లో ఇలాంటి చోట్లకు జాగా దొరకదు గానీ, ఈ పేట తిండి గురించి రాస్తూ దీన్ని వదిలేస్తే కథ సగమే చెప్పినట్టు.

పొద్దు వాలాక బార్లు. లక్డీకాపూల్, నాంపల్లి స్టేషన్ రోడ్డు, అబిడ్స్ బార్లు హైటెక్ సిటీ పబ్బుల్లాంటివి కావు. సంగీతం ఉండదు, ఉన్నా టీవీలో క్రికెట్. ఏసీ గది, రెగ్జిన్ సోఫా, మధ్యాహ్నం మూడింటికి కూడా రాత్రి తొమ్మిదైనట్టుండే చీకటి. ఎన్టీ రామారావు 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం తెచ్చినప్పుడు ఇవన్నీ మూతపడ్డాయి. 1997లో నిషేధం ఎత్తేశాక మళ్ళీ తెరుచుకున్నాయి. వీటిలో నేను గౌరవించేది మందును కాదు, వంటగదిని. అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ లాంటివి హైదరాబాద్ బార్లు లేకపోతే ఇంత వెలిగేవి కావు. మంచి అపోలో ఫిష్‌కు ముల్లు తీసిన కొర్రమీను కావాలి. ముక్కలు ముందు వేగుతాయి. తర్వాత పెద్ద మంట మీద పచ్చిమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి, పెరుగు, అన్నీ నిమిషంలో పడిపోవాలి. పెరుగు ముక్కకు అంటుకుని ఆరిపోవాలి, గ్రేవీలా కారకూడదు. కొర్రమీను ధర మండిపోతుంటే చాలాచోట్ల వేరే చేప వేస్తున్నారు. ముక్క తుంచినప్పుడు పొరలు పొరలుగా విడిపోకుండా దూదిలా చితికిపోతే అది కొర్రమీను కాదు.

కూర్చున్న రెండు నిమిషాల్లో ఎవరూ అడక్కుండానే ఉడికించిన పల్లీలో, ఉల్లి తరుగు చల్లిన శనగలో బల్ల మీదికి వస్తాయి. అవి అయిపోతే, “అన్నా, ఇంకిన్ని తేవాల్నా?” అని బేరర్ తానే అడుగుతాడు. జపాన్‌లో ఇజకాయా అనే బార్లలోనూ ఇదే పద్ధతి. కూర్చోగానే చిన్న గిన్నెలో ఏదో ఒకటి పెడతారు. టోక్యోలో దాన్ని ఒతోషి అంటారు, ఒసాకా వైపు త్సుకిదాషి. తేడా ఒక్కటే, అక్కడ అడగకుండా పెట్టినదానికీ బిల్లు వేస్తారు. తెలియక వెళ్ళిన విదేశీయులు గొడవపడుతుంటారు. మన బార్లలో పల్లీలకు బిల్లు వేసిన రోజున ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

మందు పడనివాళ్ళకు, మట్టి వాసన కావాలనుకునే వాళ్ళకు కాస్త అవతల నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ ఉంది. 2023 మేలో ప్రభుత్వం తెరిచింది. నీరా పులియకముందే తాగాలి. తెల్లవారుజామున దించిన నీరాను చల్లగా ఉంచకపోతే గంటల్లో కల్లవుతుంది. తియ్యగా ఉండగానే తాగి లేచిపోండి.

నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. స్టేషన్ చుట్టూ ఉన్న తిండికి స్టేషన్ లక్షణాలే వచ్చాయి. వెంటనే దొరకాలి, కట్టివ్వాలి, ప్రయాణంలో పాడవకూడదు. బేకరీలు బతికింది ఆ మూడో గుణం మీదే. సుభాన్ బేకరీకి ఏడు దశాబ్దాలు దాటాయి. ఉస్మానియా బిస్కెట్‌కు నా వరకు అక్కడిదే కొలత. అయితే దాని అసలు పండుగ మొహర్రం. అప్పుడు దమ్ కే రోట్ కోసం వీధి పొడుగునా జనం నిలబడతారు. రవ్వ, నెయ్యి, బాదం, జీడిపప్పు వేసి నిదానంగా కాల్చిన మందపాటి రొట్టె అది. ఏడో నిజాం తన మనవడు ముకర్రం జా క్షేమం కోసం అలం (పీరు) దగ్గర రోట్ మొక్కుకున్నాడని, అప్పటి నుంచి ఊరంతా పాటిస్తోందని చెబుతారు. కొనేవాళ్ళలో ఏ మతంవాళ్ళు ఎంతమందో ఆ వరుసలో తెలుసుకోవడం కష్టం. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా అయితే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టి, 1946లో ఇక్కడికి మారింది. నుమాయిష్‌లో తిండి గొప్పదని నేనను. చలిలో వేడి మిర్చి బజ్జీ చేతిలో ఉంటే తప్పులెన్నబుద్ధి కాదు, అంతే.

అబిడ్స్‌లో బిర్యానీ తినాలంటే గ్రాండ్ హోటల్. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు 1935లో పెట్టారు. బిర్యానీ దావతుల్లోనూ దేవిడీల్లోనూ తప్ప హోటల్ బల్ల మీద దొరకని రోజుల్లో దాన్ని ప్లేటు లెక్కన అమ్మిన మొదటివాళ్ళలో వీళ్ళుంటారు. ఇప్పుడు ఊళ్ళో అంతకన్నా మంచి బిర్యానీలు ఉన్నాయి, దాచడమెందుకు. కానీ మధ్యాహ్నం మొదటి డేగ్ మూత తీసే వేళకు వెళితే అడుగున ఉన్న మాంసం, మీదున్న తెల్ల మెతుకు రెండూ సమంగా పడతాయి. మూడు దాటాక వెళ్ళి మసాలా అన్నం తిని విమర్శ రాయడం న్యాయం కాదు. శాకాహారులకు కింగ్‌కోఠి రోడ్డు మీద తాజ్‌మహల్ హోటల్ ఉంది. పేరు మొఘలాయీ, వంట దక్షిణాది. 1940ల నుంచి ఈ ఊరికి ఇడ్లీ, సాంబార్, థాలీ పెడుతోంది. పాత ఇంటిలాంటి ఆవరణ, చెట్ల నీడ, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని సంచీ బరువుతో వచ్చిన వాళ్ళు. ఆ సంచీ పక్కన పెట్టుకుని కొన్న పుస్తకం మొదటి పేజీలు తిరగేస్తూ ఫిల్టర్ కాఫీ తాగడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

ఇక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్‌కు నడక దూరమే. ఈ రాతి కట్టడం 1935 నాటిది. కట్టింది పళ్ళ మార్కెట్ కోసం. పళ్ళున్న చోట ఐస్‌క్రీమ్ పుట్టింది. ఫేమస్, షా, బిలాల్ దుకాణాల్లో సీతాఫలం, మామిడి, సపోటా, లీచీ, ఏ కాలానికి ఆ పండు. చెక్క తొట్టిలో ఐసు, దాని మీద గళ్ళుప్పు, మధ్యలో తిరిగే డబ్బా. ఉప్పు పడితే ఐసు సున్నా కన్నా కింద చల్లదనానికి పోతుంది, పాలు డబ్బా గోడకు గడ్డకడుతుంటాయి, గీకుతూ తిప్పుతుంటారు. గాలి ఎక్కువ కొట్టరు కాబట్టి కంపెనీ ఐస్‌క్రీమ్‌లా నురగలా ఉండదు, పంటికి అడ్డం పడుతుంది. తర్వాత పళ్ళ టోకు వ్యాపారం కొత్తపేటకు వెళ్ళిపోయింది. ఐస్‌క్రీమ్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 2020లో మార్కెట్‌కు మరమ్మతు చేసి, మధ్య ప్రాంగణంలో బండ్లు లేకుండా చేశారు. ఎప్పుడు వెళ్ళాలంటే, అక్టోబరు, నవంబరు. సీతాఫలం కాలం. మిగతా నెలల్లో అడక్కండి, ఇచ్చినా అది డబ్బాలోది.

ఎదుటే కరాచీ బేకరీ. దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో పెట్టారు. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద పెట్టుకున్నాడాయన. పాకిస్తాన్‌తో గొడవలొచ్చినప్పుడల్లా ఆ బోర్డు మీద కొందరికి కోపం వస్తుంది. ఫ్రూట్ బిస్కెట్ కొరికితే ఆ కోపం నిలవదని చెప్పాలనుంది గానీ, ఆ కోపమొచ్చేవాళ్ళూ అదే కొంటారు. పక్కనే వందేళ్ళు దాటిన హమీదీ దుకాణంలో జౌజీ హల్వా. టర్కీ మూలాలున్న కుటుంబం చేస్తున్న మిఠాయి. మొలకెత్తిన గోధుమ పాలు, నెయ్యి, చక్కెర, కుంకుమపువ్వు, జాజికాయ, గంటల కొద్దీ తిప్పడం. ముదురు గోధుమ రంగులో, నెయ్యి కారుతూ, మొదటి ముక్కకు బాగుంటుంది, రెండో ముక్కకు బరువెక్కుతుంది. పావు కిలో చాలు.

రాత్రి తెల్లారే వేళకు ఇదే మార్కెట్ చౌరస్తాలో ఇంకో జనం. దోశలు పోసే రామ్ కీ బండీ దగ్గర పెనం వేడెక్కుతుంది. నైట్ డ్యూటీ దిగిన ఐటీ కుర్రాళ్ళు, పెళ్ళి ఊరేగింపులో వాయించి వచ్చిన బ్యాండు మేళం వాళ్ళు, విజయవాడ బస్సు దిగిన సంసారాలు, పోలీసు జీపు. పెనం మీద పిండి పరిచి, దాని మీద ఉప్మా గరిటెడు, ఉల్లి, టమాటా, కారప్పొడి, చేతి నిండా వెన్న. వాటన్నిటినీ పెనం మీదే గరిటె అంచుతో నలిపి, దోశ మొత్తానికి పూస్తాడు. మద్రాసువాళ్ళు చూస్తే మొహం తిప్పుకుంటారు. ఉప్మా దోశలో ఉప్మా ఎక్కడుందో తెలియకూడదు, కింద దోశ మాత్రం కరకరలాడాలి. చీజ్ వేస్తానంటాడు. వద్దనండి. చీజ్ వేసిన దోశ నిమిషంలో మెత్తబడిపోతుంది, ధర పెరుగుతుంది. వెన్న ఇంకొంచెం అడగండి, నవ్వి వేస్తాడు.